ఏడాదికో కొత్త ఫోను... లెక్క కుదురుతుందా?

సంక్రాంతి వెళ్లిన వారానికి ఆళ్లగడ్డ పోయొచ్చాను. అహోబిలం నరసింహస్వామి పారువేట పల్లకి పల్లెలు తిరుగుతున్న రోజులవి. ఆ పేరు చెప్పి మా చెల్లెలు రమ్మంటే వెళ్లానుగానీ, నన్ను పిలిచింది స్వామి దర్శనం ఒక్కదానికే కాదని అక్కడికి వెళ్లాకగానీ తెలియలేదు. కాళ్లు కడుక్కుని కూర్చున్నానో లేదో, మంచినీళ్ల చెంబుతోపాటు ఒక పంచాయితీ కూడా తెచ్చి నా ముందు పెట్టింది.

‘‘నువ్వన్నా చెప్పన్నా వీనికి. ఉన్న ఫోను బాగనే ఉండాది. మల్లా నలభై రెండు వేలు పెట్టి కొత్తది కొనల్లంట. అదీ నా పేరు మీద!’’

మా మేనల్లుడు నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో చేరి ఎనిమిది నెలలైంది. జీతం పద్దెనిమిది వేలు. వాడు చేతిలో ఫోను మీంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

‘‘నలభై రెండు వేలు ఒకేసారి ఎవరు కట్టమన్నారు మామా? నెలకు పంతొమ్మిది వందలు కూడా లేదు. ఏడాది కాంగానే ఆ ఫోను వాళ్లకిచ్చేస్తే మిగిలిన కంతులు మాఫీ. మల్లా కొత్తది ఇస్తారు. ఎప్పుడు చూసినా మన చేతిలో కొత్త ఫోనే ఉంటాది.’’

వినడానికి ఎంత బాగుంది! ఆవును కొనకుండా పాలు తాగినట్టు. ఇలాంటి మాట ఈ మధ్య చాలా ఇళ్లలో వినపడుతోంది. మీ ఇంట్లోనూ కాలేజీకి వెళ్లే అబ్బాయో, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయో ఉంటే ఈపాటికి ఈ పంచాయితీ మీ ముందుకూ వచ్చే ఉంటుంది. అందుకే ఈ వారం కాస్త కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చుందాం.

ఈ ‘ముందుగా ఫోను మార్చుకునే పథకం’ పుట్టిల్లు అమెరికా. అక్కడ చాలాకాలం ఫోను కంపెనీలే రెండేళ్ల ఒప్పందం రాయించుకుని ఫోనును చవగ్గా ఇచ్చేవి. రెండేళ్లదాకా ఆ ఫోనే దిక్కు. 2013 జులైలో టి-మొబైల్ అనే కంపెనీ ‘జంప్’ పేరుతో ఒక పథకం తెచ్చింది. నెలకు పది డాలర్లు అదనంగా కడితే, ఆరు నెలలు దాటాక, ఏడాదిలో రెండుసార్లు ఫోను మార్చుకోవచ్చంది. అదే నెలలో ఏటీ అండ్ టీ, ఆ తర్వాత వెరిజాన్ తమ తమ పథకాలతో దిగాయి. అప్పుడే అక్కడి పత్రికల్లో లెక్కలు మొదలయ్యాయి. పాత ఫోనును కంపెనీకి తిరిగి ఇచ్చేస్తున్నాం కదా, మరి మనం కట్టింది ఫోను ధరా, అద్దెనా అని. పదమూడేళ్లు కావొస్తున్నా ప్రశ్న మాత్రం అదే.

మన దేశంలో సెల్ కంపెనీలు ఆ దారి పట్టకపోవడానికి కారణం తేలికే. మనవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ప్రీపెయిడ్. ఈ నెల రీచార్జి చేయకపోతే అడిగేవాడు లేడు. పైగా 2011 జనవరి నుంచి దేశమంతటా నంబరు మారకుండానే కంపెనీ మార్చుకునే సదుపాయం వచ్చింది. రేపు వేరే కంపెనీకి వెళ్లిపోగలిగిన మనిషి చేతిలో ముప్ఫై నలభై వేల ఫోను ఎవరు పెడతారు? అందుకే ఇక్కడ ఆ పని ఫైనాన్స్ కంపెనీలు, ఫోన్ల తయారీదారులు, షాపులవాళ్లు చేస్తున్నారు. సెల్ కంపెనీలు మాత్రం అప్పుడప్పుడు వేరే రకంగా ప్రయత్నించాయి. ఆ చరిత్ర ఒకసారి చూస్తే మన మేనల్లుడి పథకం సగం అర్థమవుతుంది.

నంద్యాలలో నలభై దాటినవాళ్లెవరినైనా అడగండి, ‘ఐదొందలొక్క రూపాయి సెల్లు’ గుర్తుందా అని. 2003 జులైలో రిలయన్స్ ఇన్ఫోకామ్ ‘మాన్‌సూన్ హంగామా’ అని 501 రూపాయలకే ఫోను చేతిలో పెట్టింది. అంతకుముందు మే నెలలోనే ఇన్‌కమింగ్ ఉచితం కావడంతో ఊపు మీదున్న జనం షాపుల ముందు బారులు తీరారు. 501 అన్నది చేయి తడపడానికే. మిగతాది నెలనెలా బిల్లులో వస్తుంది. ఆ ఫోనులో సిమ్ కార్డు ఉండదు. ఆ కంపెనీ వద్దనుకుంటే అది పిల్లలు ఆడుకోవడానికే పనికొచ్చేది. బిల్లులు కట్టలేక, కట్టక వదిలేసినవాళ్లు దేశమంతటా ఎందరో తేలారు. కంపెనీకి బాకీల తలనొప్పి, జనానికి నోటీసుల తలనొప్పి.

తమాషా ఏమిటంటే, సరిగ్గా పదిహేనేళ్ల తర్వాత, 2018 జులైలో జియో కూడా ‘మాన్‌సూన్ హంగామా’ అనే పేరే పెట్టి, అదే 501 రూపాయలకు, పాత ఫోను ఇచ్చి జియోఫోన్ తీసుకెళ్లమంది. అంతకు ఏడాది ముందు ఆ ఫోనుకు 1,500 రూపాయలు డిపాజిట్ కట్టించుకుని, మూడేళ్లయ్యాక ఫోను తిరిగి ఇస్తే మొత్తం వాపసు అంది. అంతకు ముందే ఇస్తే మొత్తం రాదు. అయితే ఏడాదికి కనీసం 1,500 రూపాయల రీచార్జి చేస్తూ ఉండాలన్నది షరతు. మన పక్క ఊళ్లలో ఆ డిపాజిట్ రశీదు దాచిపెట్టుకున్నవాళ్లు ఎంతమందో, ఫోను తిరిగి ఇచ్చి డబ్బులు తెచ్చుకున్నవాళ్లు ఎంతమందో మీరే ఊహించుకోండి.

2017 అక్టోబరులో ఎయిర్‌టెల్ కూడా కార్బన్ ఏ40 ఫోనును ‘1,399కే’ అని ప్రకటించింది. నిజానికి ముందు కట్టాల్సింది 2,899. నెలకు 169 చొప్పున 36 నెలలు ఆగకుండా రీచార్జి చేస్తే, పద్దెనిమిది నెలలకు 500, ముప్ఫై ఆరు నెలలకు 1,000 వెనక్కి. 2,899లోంచి ఆ 1,500 తీసేస్తే 1,399. లెక్క తప్పు కాదు. కానీ ఆ ధర మూడేళ్లు ఓపిక పట్టినవాడికే. మధ్యలో ఊరు మారి సిగ్నల్ రాక వేరే సిమ్ వేసుకున్నవాడికి కాదు.

ఇక అమెరికా తరహాకు బాగా దగ్గరగా వచ్చింది 2017 సెప్టెంబరు చివర్లో. ఐఫోన్ 8 మన దేశంలో విడుదలైనప్పుడు జియో ఒక ఆఫర్ పెట్టింది. ఏడాది వాడి తిరిగి ఇస్తే 70 శాతం డబ్బు వెనక్కి. నెలకు 799 రూపాయల రీచార్జి పన్నెండు నెలలు చేయాలి. ఆ ఫోను ధర 64,000. అందులో 70 శాతం 44,800. అంటే ఏడాది వాడినందుకు 19,200 పోయింది. రీచార్జికి 9,588. మొత్తం 28,788. నెలకు 2,399! పెద్ద డేటా ప్లాను కాబట్టి అది కావాల్సినవాడికి పరవాలేదు. కానీ అదే ఏడాది జులైలో 84 రోజులకు 399 రూపాయల ప్లాను నడిచింది. ఏడాదికి ఐదుసార్లు వేసుకున్నా 1,995. రీచార్జిలోనే ఏడున్నర వేలకు పైగా తేడా. ‘70 శాతం వాపసు’ అన్న పెద్దక్షరాల కింద ఈ ఏడున్నర వేలు ఎవరికీ కనపడలేదు.

అన్నీ మోసాలని నేననను. 2021 దీపావళికి వచ్చిన జియోఫోన్ నెక్స్ట్‌నే చూడండి. రొక్కం అయితే 6,499. కంతుల మీద అయితే ముందు 1,999, ప్రాసెసింగ్ ఫీజు 501, తర్వాత నెలకు 300 చొప్పున 24 నెలలు. మొత్తం 9,700. తేడా 3,201 రూపాయలు. నెలకు 133 పడుతుంది. అందులోనే నెలకు 5 జీబీ డేటా, వంద నిమిషాల కాల్స్ కలిపి ఇచ్చారు. ఆ మాత్రం వాడుకునే ఇంటికి అది నష్టమేమీ కాదు. కానీ వంద నిమిషాలంటే రోజుకు మూడు నిమిషాల పైచిలుకు. మా చెల్లెలు వదినతో మాట్లాడటం మొదలుపెడితే ఒక్కరోజులో సగం కోటా అయిపోతుంది. ఎవరికి ఏది సరిపోతుందన్నది ఇంటి అలవాట్లలో ఉంటుందిగానీ ప్రకటనలో ఉండదు.

సరే, మావాడి సంగతికొద్దాం. పోస్టర్ ఫొటో తీసుకొచ్చాడు కాబట్టి లెక్క తేలికైంది. గోడ మీద క్యాలెండర్ తిప్పి వెనకాల రాశాం. ఫోను ధర 42,000. ఇరవై నాలుగు కంతులు, ఒక్కోటి 1,750. ‘నో కాస్ట్’, అంటే వడ్డీ లేదు. ఫోను మార్చుకునే హక్కుకు నెలకు 149. రెండూ కలిపితే 1,899. మొదట్లో ప్రాసెసింగ్ ఫీజు 499, దానిపై జీఎస్టీతో 589.

ఏడాది చివరికి వాడు కట్టేది ఎంత? కంతులు 21,000, హక్కు రుసుము 1,788, ఫీజు 589. మొత్తం 23,377. అప్పుడు ఫోను వాళ్లకిచ్చేయాలి. చేతిలో మిగిలేది సున్నా. మాఫీ అయ్యేది మిగిలిన 21,000.

‘‘చూడు మామా, ఇరవై ఒక్క వేలు మాఫీ!’’ అన్నాడు, అదేదో లాటరీ తగిలినట్టు.

‘‘మరి ఆ ఫోనును నువ్వే అమ్ముకుంటే ఎంతొస్తుందో అడిగినావా?’’

అడగలేదు. ఎవరూ అడగరు. పథకం మొత్తం ఆ ఒక్క అడగని ప్రశ్న మీదే నిలబడి ఉంటుంది. మర్నాడు వాడితోపాటు నంద్యాల బస్సెక్కాను. శ్రీనివాస సెంటర్ దగ్గర పాత ఫోన్లు కొని అమ్మే ఒకాయన కౌంటర్ ముందు నిలబడి అడిగితే, గీతలు లేకుండా, పెట్టె, బిల్లు ఉంటే ఏడాది వాడిన ఆ రకం ఫోనుకు ఇరవై నాలుగు వేలదాకా ఇస్తానన్నాడు. ఇప్పుడు చూడండి. పథకంలో మాఫీ 21,000. దానికోసం కట్టిన హక్కు రుసుము 1,788 తీసేస్తే నికరంగా దక్కింది 19,212. బయట అమ్ముకుంటే 24,000. అంటే ఆ హక్కు కొనుక్కున్నందుకు మావాడు 4,788 రూపాయలు పోగొట్టుకుంటాడు. పాత ఫోను 19,212 కంటే తక్కువ పలికే రకమైతేనే పథకం లాభం. అలాంటి రకాలూ ఉంటాయి. కొత్తగా వచ్చిన కంపెనీల ఫోన్లు ఏడాదికే సగం కంటే కిందికి పడిపోతాయి. అలాంటి వాటిమీద ఈ పథకం దొరికితే కళ్లు మూసుకుని కాకపోయినా ఒక కన్ను మూసుకుని తీసుకోవచ్చు. కానీ పథకం పెట్టేవాడికీ ఆ సంగతి తెలుసు కదా!

అక్కడితో ఆగకుండా పక్కనే కొత్త ఫోన్ల షాపులో ఇంకోటి అడిగాం. ‘‘రొక్కం ఇస్తే ఎంతకిస్తావప్పా?’’ కాసేపు క్యాలిక్యులేటర్ నొక్కి ముప్ఫై తొమ్మిదిన్నర అన్నాడు. మరి ‘వడ్డీ లేని’ కంతుల్లో 42,000 ఎందుకయ్యింది? ఆ రెండున్నర వేలే వడ్డీ. పేరు మారింది, అంతే. సున్నా శాతం వడ్డీ అనేదేదీ లేదని, వడ్డీని ఫీజుల రూపంలో దాచిపెడుతున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను మందలించింది. తర్వాత అదే ‘నో కాస్ట్’ అయి తిరిగొచ్చింది. కొన్నిచోట్ల వడ్డీకి సమానమైన డిస్కౌంటు నిజంగానే ఇస్తారు. తెలుసుకునే దారి ఒక్కటే, రొక్కం ధర అడగడం. 2024 అక్టోబరు 1 తర్వాత మంజూరయ్యే ఇలాంటి అప్పులకు వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక పట్టికలో రాసి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. క్రెడిట్ కార్డు బాకీలకు ఇది వర్తించదు. షాపులో ఆ కాగితం అడిగితే ‘మెయిల్‌కు వస్తుంది సార్’ అంటారు. వచ్చాకే సంతకం పెట్టండి, అంటే ఓటీపీ చెప్పండి.

నాలుగేళ్ల లెక్క వేస్తే కథ ఇంకా బాగుంటుంది. 39,500కు కొని, మధ్యలో ఒకసారి రెండున్నర వేలు పెట్టి బ్యాటరీ మార్పించి, నాలుగేళ్లు వాడితే 42,000. నెలకు 875. పథకంలో నాలుగేళ్లూ ఏడాదికో ఫోను మారుస్తూ పోతే, ధరలు పెరగవనుకున్నా, 93,508. తేడా యాభై వేల పైమాటే. పైగా కొన్న ప్రతి కొత్త ఫోను మీదా పన్ను కడుతున్నాం. 2020 ఏప్రిల్ నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 18 శాతం. 42,000లో సుమారు 6,400 సర్కారుదే. ఏడాదికోసారి ఫోను మార్చేవాడు ఖజానాకు మంచి మిత్రుడు.

ఇంతకూ ఏడాదికోసారి ఎందుకు మార్చాలి? ఒకప్పుడు కారణం ఉండేది. ఫోను రెండేళ్లకే మొరాయించేది, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చేది కాదు. ఇప్పుడు గూగుల్ 2023లో వచ్చిన పిక్సెల్ 8 నుంచి, శామ్‌సంగ్ 2024లో వచ్చిన ఎస్24 నుంచి ఖరీదైన ఫోన్లకు ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నాయి. మొదట అరిగేది బ్యాటరీ. వందల సార్లు చార్జింగ్ ఎక్కి దిగేసరికి దాని సత్తా తగ్గుతుంది. మావాడి గోల కూడా నిజానికి అదే. మధ్యాహ్నానికే ఫోను ఆగిపోతోందట. సైకిల్ చక్రంలో గాలి పోతే సైకిలే మారుస్తామా?

ఇక్కడిదాకా ఇది డబ్బుల లెక్క. మా చెల్లెలి భయం వేరే. ఆ భయానికి కారణం మా బావ ఫోను.

ఆళ్లగడ్డ శిల్పాల సంగతి మీకు తెలిసిందే. రోడ్డు పక్కన షెడ్లలో ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో పోతాయి. మా బావ ముప్ఫై ఏళ్లుగా ఆ పనిలోనే ఉన్నాడు. ఆ పనిలో నెలజీతం ఉండదు. బేరం కుదిరినప్పుడు అడ్వాన్సు, చెక్కుతుండగా కొంత, విగ్రహం గుడికి చేరాక మిగతాది. 2023లో బావ నంద్యాలలో పదహారు వేల ఫోను ఎనిమిది కంతుల మీద కొన్నాడు. నెలకు రెండు వేలు. ఇప్పుడు గుడి కమిటీలవాళ్లు పని ఎంతవరకు వచ్చిందో వాట్సాప్‌లో ఫొటోలు పంపమంటున్నారు కాబట్టి అది సరదా ఏమీ కాదు, పనిముట్టే.

మూడు కంతులు బాగానే కట్టాడు. తర్వాత ఒక గుడివాళ్ల ముహూర్తం కుదరలేదు. ఆషాఢం అడ్డొచ్చింది. ప్రతిష్ఠ శ్రావణానికి పోయింది. ఆ ఏడాది శ్రావణం కూడా అధికమాసంతో మొదలైంది కదా, ఇంకో నెల జరిగింది. ప్రతిష్ఠ అయితేగానీ బాకీ చేతికి రాదు. ఫైనాన్స్‌వాళ్లకు ఆషాఢం, అధికం ఏం తెలుసు? ప్రతి నెలా అయిదో తేదీన బ్యాంకు ఖాతా మీద పడతారు. ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఒక కోత, వాళ్లొక కోత. మూడు నెలలు అలా గడిచాయి. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఫోను తెర మీద బాకీ కట్టమన్న నోటీసు తప్ప ఏమీ లేదు. కంతుల మీద అమ్మే కొన్ని ఫోన్లలో ముందే ఒక తాళం యాప్ వేసి ఇస్తారట. అందులోనే గుడికి పంపాల్సిన విగ్రహం ఫొటోలున్నాయి. అందులోనే కమిటీ పెద్దల నంబర్లున్నాయి. బాకీ ఇవ్వాల్సినవాడికి ఫోన్ చేద్దామన్నా ఫోను తాళంలో ఉంది!

శ్రావణంలో డబ్బు రాగానే మిగిలిన అయిదు కంతులూ, అపరాధాలూ ఒకేసారి కట్టేశాడు. మూడు వేల దాకా అదనంగా పడింది. పీడా వదిలిందనుకున్నారు. వదల్లేదు. కేంద్రం 2023 సెప్టెంబరులో మొదలుపెట్టిన విశ్వకర్మ పథకంలో శిల్పులూ ఉన్నారు. అయిదు శాతం వడ్డీకి, తాకట్టు లేకుండా, మొదటి విడత లక్ష రూపాయలు. రాయి కోసే మిషను కొనుక్కుందామని బావ దరఖాస్తు పెట్టాడు. ఒక బ్యాంకులో కంప్యూటర్ చూసి, ‘మీకు పాత బాకీ ఉంది, అది తేల్చుకుని రండి’ అన్నారు. ఎంత బాకీ? అయిదు వందల తొంభై రూపాయలు. ఏదో ఒక నెల చెక్కు తిరిగొచ్చిన తాలూకు రుసుము, లెక్కలో మిగిలిపోయింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. రెండేళ్లుగా అది ‘బాకీదారు’ అని రాసుకుంటూ కూర్చుంది.

అయిదు వందల తొంభై రూపాయలకు లక్ష రూపాయల అప్పు ఆగింది. మిషను లేక ఇప్పటికీ పెద్ద రాళ్లు కోయించడానికి పక్క షెడ్డుకు కూలి కడుతున్నాడు. అందుకే ‘నా పేరు మీద’ అన్న మాట వినగానే చెల్లెలు అంతలా ఉలిక్కిపడింది. మావాడు చేరి ఏడాది కాలేదు కాబట్టి వాడి పేరు మీద అప్పు రాదట. ‘అమ్మ ఆధార్, పాన్ తెచ్చుకో, అమ్మ రికార్డు క్లీన్‌గా ఉంటుంది’ అని షాపులో కుర్రాడు సలహా ఇచ్చాడు. ఉంటుంది మరి. పదిహేనేళ్లుగా పొదుపు సంఘంలో ఒక్క వాయిదా తప్పని మనిషి ఆమె. ఆ పేరును పందెం కాసి కొడుకు ఫోను మార్చుకుంటానంటే ఎట్లా?

‘‘నేను కట్టనా ఏంది?’’ అని రోషపడ్డాడు మావాడు. కడతాడు. వాడు మంచివాడే. బావ కూడా మంచివాడే. కట్టకూడదని ఎగ్గొట్టలేదు. నెలజీతం లేని ఇంట్లో నెలకంతు ఒక మేకు. మన వైపు వరి వేసినా, పసుపు వేసినా, ఉలి పట్టినా డబ్బు ఒక్కసారి వస్తుంది, మళ్లీ చాన్నాళ్లు రాదు. అలాంటి ఇంటికి చేతిలో డబ్బున్నప్పుడు రొక్కానికి కొనుక్కునే ఫోనే సరైన ఫోను. వాడికి నెలజీతం ఉందంటే ఉంది. కానీ పద్దెనిమిది వేలల్లో పంతొమ్మిది వందలంటే పదోవంతుకు పైనే. నంద్యాలలో రూము అద్దె, మెస్సు పోగా ఏం మిగులుతుందో వాడికే తెలుసు.

బావ విషయంలో ఒక పని చేశాం. మీక్కూడా పనికొస్తుందని చెబుతున్నాను. మన దేశంలో అప్పుల చరిత్ర రాసే సంస్థలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికోసారి ఒక్కో సంస్థ నుంచి పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకునే హక్కు మనకుంది. డబ్బులడిగే యాప్‌ల జోలికి పోకుండా ఆ సంస్థల సొంత సైట్లలోనే తీసుకోవచ్చు. బావ రిపోర్టు తీయించి, ఆ 590 కట్టేసి, ఇక బాకీ లేదన్న కాగితం ఫైనాన్స్‌వాళ్ల దగ్గర రాయించుకున్నాం. రికార్డు సరిచేయమని ఫిర్యాదు కూడా పెట్టాం. ముప్ఫై రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఆలస్యంగా కట్టిన మచ్చలు అలాగే ఉంటాయిగానీ, ‘బాకీదారు’ అన్న మాట మాత్రం పోతుంది. కంతుల మీద ఏది కొన్నా, చివరి కంతు కట్టగానే ఆ ‘బాకీ లేదు’ కాగితం తీసుకోవడం మరచిపోకండి. ఫోను పెట్టెకన్నా దాన్ని భద్రంగా దాచండి.

ఈ గొడవలో మా పెదనాన్న మనవరాలు ఫోన్లోనే ఇంకో సలహా ఇచ్చింది. ఆమె డాలస్‌లో ఉంటుంది. ‘‘వాడెందుకు కొనడం మామయ్యా, నా పాతది పంపిస్తా. ఇక్కడ మాకు కొత్తది దాదాపు ఫ్రీగా ఇస్తున్నారు’’ అంది. ఆ ఫ్రీ సంగతీ చూద్దాం. పాత ఫోను తీసుకుని, కొత్త ఫోను ధరను 36 నెలల బిల్లుల్లో కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పోతారు. మధ్యలో కంపెనీ మారితే మిగిలిన తగ్గింపు పోతుంది, మిగిలిన ధర మాత్రం మనదే. మూడేళ్లు కట్టేసిన తాడు అది. పైగా ధర మొత్తం తీరేదాకా చాలా ఫోన్లు ఆ కంపెనీకే తాళం వేసి ఉంటాయి. ఇక్కడికి తెచ్చి మన సిమ్ వేస్తే పనిచేయవు. ఇంకోటి, 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలు అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే సందే లేదు. ఈ-సిమ్ ఒక్కటే. మన దగ్గర పెద్ద కంపెనీలు ఈ-సిమ్ ఇస్తున్నాయిగానీ, ఆళ్లగడ్డలో అవ్వకు ఫోను పాడైతే సిమ్ తీసి వేరే డబ్బా ఫోనులో వేసే సౌకర్యం పోతుంది. విదేశాల నుంచి బంధువులు ఫోను తెస్తామంటే ‘తాళం తీసిందేనా, సిమ్ సందు ఉందా’ అని మొహమాటం లేకుండా అడగండి.

పాత ఫోను కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు కూడా ఒక మాట. ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా ఆరు, హ్యాష్ నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. ఆంగ్లంలో కేవైఎం అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పెడితే ఆ ఫోను వివరాలు, అది బ్లాక్ అయిన ఫోనా కాదా అన్నది తెలుస్తుంది. అమ్మేవాళ్లు ఫోన్‌పే, గూగుల్‌పేలోంచి ఖాతా తీసేసి, గూగుల్ ఖాతా లాగౌట్ అయి, ఫోను మొత్తం తుడిచేశాకే ఇవ్వాలి. ఎక్స్ఛేంజి కౌంటర్లో రద్దీగా ఉందని, ‘మేం చూసుకుంటాం అన్నా’ అన్నారని ఫోను వదిలేసి రావద్దు. మన ఇంటి పెళ్లి ఫొటోలు వాళ్లు చూసుకోనక్కర్లేదు.

అయితే ఈ పథకాలు ఎవరికీ పనికిరావా? వస్తాయి. ఎటూ ఏడాదికోసారి ఫోను మార్చి తీరే మనిషి, నెలజీతం గట్టిగా ఉన్న మనిషి, పాత ఫోను అమ్మడానికి బేరమాడే ఓపిక లేని మనిషి, ఫోనును గీత పడకుండా వాడే మనిషి. ఈ నాలుగు లక్షణాలూ ఒకే మనిషిలో ఉంటే ఆయన నాలుగు వేలు ఎక్కువిచ్చి సుఖపడితే మనకేం అభ్యంతరం? నాలుగోది చాలా కష్టం. తిరిగి ఇచ్చేటప్పుడు తెర మీద వెంట్రుక మందం గీత ఉన్నా మాఫీలో కోత పడుతుందని మావాడి పోస్టర్ కిందే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. వాడి ఫోను తెర ఇప్పుడు ఎలా ఉందో చెప్పనా? సాలెగూడు. బైకు మీద జేబులోంచి జారిందట. రెండుసార్లు.

నంద్యాలలోనే ఆ సాయంత్రం కంపెనీ సర్వీసు సెంటర్‌కు వెళ్లాం. బ్యాటరీ, తెర కలిపి ఆరు వేల చిల్లర అన్నారు. మావాడు మొహం మాడ్చాడు. ముందు బ్యాటరీ ఒక్కటే మార్పించుకున్నాడు. తెర సంగతి వచ్చే జీతానికట. ఇప్పుడు రాత్రి పదకొండుకు కూడా నలభై శాతం ఉంటోందని నాకు ఫొటో తీసి పంపాడు. కింద ఇంకో కొత్త ఫోను ప్రకటన కూడా పంపాడనుకోండి, ‘ఊరికే చూడు మామా’ అని.

మొన్న ఆదివారం చెల్లెలు ఫోన్ చేసింది. బావ రికార్డులో ఆ బాకీ మాట పోయిందట. ‘‘సోమవారం రమ్మన్నారన్నా బ్యాంకోళ్లు. ఆ బాకీ లేదనే కాగితం రెండు జిరాక్సులు తీసి పెట్టినా. ఒకటి చాలదూ?’’ అంది. మూడు తీయించమన్నాను.